50 లక్షలు కాదండీ, 50 కోట్లు

సంపాదకుడు గారికి నమస్కారమండి.

పోయిన ఆదివారం మీ పేపర్ పిల్లల పేజీలో ట్రైలోబైట్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జీవి మీద ఒక చిన్న ఐటెం వచ్చింది, పక్కన కలర్ బొమ్మ కూడా వేశారు. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు దాన్ని కత్తిరించి సోమవారం పొద్దున ప్రేయర్ అవ్వకముందే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "ఏటి టీచర్ ఇది, బొద్దింకలాగుంది గానీ పేపర్లో చేప అని రాసేరు" అన్నాడు. వాడి అనుమానం కరెక్టు, తప్పు పేపర్లోనే ఉంది. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ చేశానండి, ఇప్పుడు చీపురుపల్లి దగ్గర ఒక స్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఆ ఐటెం చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరాల కాలమ్‌లో ఇంత పెద్దది పట్టదని తెలుసు, అయినా మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఎవరో ఒకరు మీ ఆఫీసులో పూర్తిగా చదివితే వచ్చే వారం అయినా సరిగ్గా వస్తుందని ఆశ.

ముందు అంకె సంగతి. "50 లక్షల ఏళ్ళ క్రితం సముద్రాల్లో తిరిగిన ట్రైలోబైట్" అని రాశారు. ఇంగ్లీషులో 500 మిలియన్ అని ఉన్నదాన్ని చూసి రాసి ఉంటారు. మిలియన్ అంటే 10 లక్షలు కదండీ, 500 మిలియన్ అంటే 50 కోట్లు. ఒక్క చోట జారితే వంద రెట్లు తేడా వచ్చేసింది. 50 లక్షల ఏళ్ళ క్రితం భూమ్మీద ఏనుగులూ కోతులూ గడ్డి మైదానాలూ అన్నీ ఉన్నాయి, ట్రైలోబైట్ మాత్రం ఒక్కటి కూడా లేదు, అప్పటికే అవి పోయి దాదాపు 25 కోట్ల ఏళ్ళు. లక్ష కోటి తేడా పిల్లలకి ఐదో తరగతిలో చెప్తాం, పేపర్లో అచ్చులో చూస్తే మేం చెప్పింది తప్పేమో అనుకుంటారు, అదే నా బాధ.

చేప అన్నది రెండోది. చేపకి లోపల వెన్నెముక ఉంటుంది, దీనికి పైన పెంకు ఉంటుంది. ఇది రొయ్య, పీత, తేలు, సాలీడు, బొద్దింక ఇవన్నీ ఉన్న సంధిపాద జీవుల వర్గంలోది. కాకపోతే మీవాళ్ళకంటే ముందు ఇదే పొరపాటు చేసినవాళ్ళు ఉన్నారు, 1698లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే ఆయన వేల్స్‌లో దొరికిన ట్రైలోబైట్ బొమ్మ గీసి అది ఏదో బల్లపరుపు చేప ఎముకలని రాశాడు. ఆయనకి అప్పట్లో పోల్చుకోడానికి ఏమీ లేదు. ట్రైలోబైట్ అన్న మాట పుట్టిందే 1771లో, వాల్ష్ అనే జర్మన్ పెట్టాడు. ఆయన పెట్టి 250 ఏళ్ళు దాటింది, ఇప్పుడు మనం చేప అనకూడదు కదా.

"డైనోసార్ల కాలంలో" అన్నది కూడా తీసెయ్యాలి. ట్రైలోబైట్లు సుమారు 52 కోట్ల ఏళ్ళ క్రితం కనపడడం మొదలుపెట్టి 25 కోట్ల 20 లక్షల ఏళ్ళ క్రితం పెర్మియన్ అనే భూకాలం చివర్లో వచ్చిన మహా వినాశనంలో పూర్తిగా పోయాయి. డైనోసార్లు ఆ తర్వాత వచ్చాయి, ఒకదాన్ని ఒకటి చూసే ప్రసక్తే లేదు.

ఇంక "తల, ఒళ్ళు, తోక అని మూడు భాగాలు ఉండడం వల్ల ఆ పేరు" అని రాశారు చూశారూ, ఇది చాలామంది చేసే తప్పు, గైడ్ బుక్కుల్లో కూడా చూశాను. తల, ఒళ్ళు, తోక భాగం ఉండడం నిజమే, కానీ పేరు దాని వల్ల రాలేదు. నిలువునా చూడాలి. వీపు మీద నడి మధ్యన తల నుంచి తోక దాకా ఒక ఉబ్బెత్తు గట్టు, దానికి ఎడం పక్క ఒక పట్టీ, కుడి పక్క ఒక పట్టీ. పొలంలో మధ్య గట్టు వేసి రెండు వైపులా మడులు చేసినట్టు ఉంటుంది. ఆ మూడు నిలువు తమ్మెల వల్ల ట్రైలోబైట్. పిల్లలకి బోర్డు మీద గీసి చూపిస్తే నిమిషంలో అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు బొమ్మ కింద "ఒరిక్టోసెఫాలస్ ఇండికస్, ఇండియాలో మాత్రమే దొరికే ట్రైలోబైట్ జాతి" అని వేశారు. ఈ పేరు మీ పేపర్లో చూసినందుకు నాకు నిజంగా చాలా సంతోషం వేసిందండి, ఎందుకంటే మన తెలుగు పేపర్లలో ట్రైలోబైట్ అంటే ఎప్పుడూ మొరాకోదో అమెరికాదో వేస్తారు, మన దేశపు దాని పేరు వెయ్యడం నేను చూడ్డం ఇదే మొదలు. కానీ బొమ్మ దానిది కాదు. బొమ్మలో ఉన్నది పెద్ద పెద్ద కళ్ళతో, ఒక్కో కంటిలో కటకాలు పూసల్లా విడివిడిగా కనపడుతున్న జీవి, అది ఫాకాప్స్ అనే వేరే ట్రైలోబైట్ రకం, డెవోనియన్ అనే తర్వాతి కాలంది. ఇండికస్‌కీ దానికీ మధ్య 10 కోట్ల ఏళ్ళకి పైగా ఎడం ఉంది. ఫలానా రాజుగారి ఫొటో అని వేసి వేరే వంశం వాళ్ళ ఫొటో వేస్తే ఊరుకుంటామా, ఇదీ అంతే. ఇండికస్ చిన్న ప్రాణి, వేలి గోరుతో పోల్చుకునే సైజు, తోక భాగం అంచున ముళ్ళు, తల మధ్య ఉబ్బు మీద నొక్కులూ గుంటలూ. ఒరిక్టోసెఫాలస్ అంటేనే గ్రీకులో తవ్విన తల అని అర్థం, వాల్కాట్ అనే అమెరికన్ 1886లో ఆ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు.

జాతి అన్న మాట దగ్గర కూడా ఒక్క మాట. మన పేపర్లలో అన్నిటికీ జాతి అనే రాస్తారు. ట్రైలోబైట్ జాతి అంటారు, పక్షి జాతి అంటారు, మళ్ళీ కాకి కూడా ఒక జాతే అంటారు. తెలుగు మీడియం జువాలజీ పుస్తకాల్లో దీనికి చక్కటి మాటలు ఉన్నాయండి, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని. ఆ వరసలో చెప్పాలంటే ఆర్థ్రోపొడా వర్గం, ట్రైలోబిటా విభాగం, కోరినెక్సోకిడా క్రమం, ఒరిక్టోసెఫాలిడే కుటుంబం, ఒరిక్టోసెఫాలస్ ప్రజాతి, అందులో ఇండికస్ అనేది జాతి. ట్రైలోబైట్ అన్నది ఒక జంతువు పేరు కాదు, పక్షి అన్నట్టు ఒక పెద్ద గుంపు పేరు, ఇప్పటిదాకా పేర్లు పెట్టిన జాతులే 20,000కి పైన ఉన్నాయి. ఈ వరసలో కింద మెట్లు కాస్త గట్టిగా ఉంటాయి గానీ పైన క్రమం దగ్గరకి వచ్చేసరికి పండితుల్లోనే తేడాలున్నాయి, ఈ కోరినెక్సోకిడాలో పెట్టినవన్నీ నిజంగా ఒకే మూలం నుంచి వచ్చాయా అని అడిగేవాళ్ళు ఉన్నారు.

మా పిల్లలకి నేను ఇంటిపేరుతో చెప్పానండి. మన వైపు ఒక క్లాసులో నలుగురు అప్పలనాయుళ్ళు ఉంటారు, ముగ్గురు సింహాచలాలు ఉంటారు, ఇంటిపేరు చెప్తే గానీ ఎవరో తెలీదు. ప్రజాతి అంటే ఇంటిపేరు లాంటిది, జాతి పేరు అంటే మన పేరు. ఇండికస్ కథలో అసలు తమాషా అక్కడే ఉంది. హేడెన్ అని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జిఎస్ఐ) ఆఫీసరు హిమాచల్‌లో స్పితి కొండలెక్కి రాళ్ళు పోగుచేశాడు, 1904లో స్పితి మీద మెమొయిర్ అని పెద్ద రిపోర్టు రాశాడు. ఆయన తెచ్చిన కేంబ్రియన్ (ట్రైలోబైట్లు మొదలైన ఆ పాత భూకాలం) శిలాజాలు కేంబ్రిడ్జిలో ఉన్న కూపర్ రీడ్ అనే ఆయన చేతికి వెళ్ళాయి. రీడ్ 1910లో జిఎస్ఐ శిలాజాల పత్రిక పాలియంటొలాజియా ఇండికాలో వాటిని వర్ణిస్తూ ఒక చిన్న ట్రైలోబైట్‌కి జకాంథోయిడెస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. తర్వాత మిగతా దేశాల శిలాజాలతో పోల్చుకుంటే ఇది జకాంథోయిడెస్ కాదు, ఒరిక్టోసెఫాలస్ అని తేలింది. అప్పుడు ఇంటిపేరు మార్చారు, సొంత పేరు ఉంచేశారు. పెళ్ళయ్యాక మన ఆడపిల్లలకి ఇంటిపేరు మారినట్టే. అందుకే శాస్త్రం పుస్తకాల్లో దీన్ని ఒరిక్టోసెఫాలస్ ఇండికస్ (రీడ్, 1910) అని బ్రాకెట్లో రాస్తారు. ఆ బ్రాకెట్ అలంకారం కాదండీ, పేరు పెట్టినవాడు రీడే గానీ ఆయన పెట్టినప్పుడు వేరే ప్రజాతిలో ఉండేది అని చెప్పే గుర్తు. బ్రాకెట్ లేకపోతే మొదట్నుంచీ అదే ప్రజాతి అని అర్థం. ఒక బ్రాకెట్‌లో అంత చరిత్ర ఉంటుంది. ఇది చెప్తే పిల్లలు ఎంత ఇష్టంగా విన్నారో మీకు చెప్పలేను, ఒకమ్మాయి అయితే సైన్స్ పుస్తకంలో సింహం పులి పేర్ల పక్కన బ్రాకెట్లు ఉన్నాయా అని వెతకడం మొదలుపెట్టింది.

ఇంటిపేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1899లో రెడ్‌లిక్ అనే ఆయన ఉప్పు కొండల్లో, అంటే ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఖేవ్రా వైపు, దొరికిన ట్రైలోబైట్‌కి హోఫెరియా నోట్‌లింగి అని పేరు పెట్టాడు. తీరా చూస్తే హోఫెరియా అన్న పేరు అంతకుముందే ఇంకో జంతువుకి పెట్టేసి ఉంది. ఒకే పేరు రెండు ప్రజాతులకి ఉండకూడదని రూలు. 1902లో కాస్‌మాన్ అనే ఆయన ఆ పేరు తీసి, రెడ్‌లిక్ గౌరవార్థం రెడ్‌లికియా అని పెట్టాడు. ఆ పేరుతోనే ఇవాళ రెడ్‌లికిడా అని ఒక క్రమం మొత్తం నడుస్తోంది.

మళ్ళీ ఇండికస్ దగ్గరకి. "ఇండియాలో మాత్రమే" అన్నది తప్పు. ఇండికస్ అంటే లాటిన్‌లో ఇండియాది అని, మొదట ఇక్కడి రాయిలో దొరికింది కాబట్టి. బందరు లడ్డు అన్నంత మాత్రాన బందరులోనే చేస్తారా, విజయనగరం స్వీట్ షాపుల్లోనూ దొరుకుతుంది కదా. ఇండికస్ చైనాలో దొరికింది, అమెరికాలో నెవాడాలో దొరికింది, ఇంత దూరదూరాల్లో దొరకడమే దాని గొప్ప. ఎందుకంటే పొరల వయసు లెక్కకట్టేవాళ్ళకి ఎలాంటి శిలాజం కావాలంటే, చాలా దేశాల్లో దొరకాలి, కానీ చాలా తక్కువ కాలమే బతికి పోయి ఉండాలి. అప్పుడు ఈ రాయిలో అది కనపడిందంటే ఇంకో ఖండంలో అదే కనపడ్డ రాయీ ఇదీ ఒకే వయసు అని చెప్పెయ్యొచ్చు. పాత నోటు మీద గవర్నరు సంతకం చూసి అది ఏ కాలం నోటో చెప్పినట్టు. ఈ ఇండికస్ మొదటిసారి కనపడే పొరని పట్టుకుని కేంబ్రియన్‌లో ఒక కొత్త భాగం మొదలని ప్రపంచం మొత్తం ఒప్పుకుంది, 2018లో. అంతకుముందు దానికి పేరు కూడా లేదు, కేంబ్రియన్ మూడో సిరీస్, ఐదో స్టేజ్ అని నంబర్లతో పిలిచేవాళ్ళు (సిరీస్ అంటే పెద్ద భాగం, స్టేజ్ అంటే అందులో చిన్న భాగం). ఇప్పుడు మియావోలింగియన్ సిరీస్, వూలియువాన్ స్టేజ్ అంటున్నారు. చైనా గ్విజౌ రాష్ట్రంలో జియాన్‌హె అనే చోట వూలియు కొండ సెక్షన్‌లో, కైలీ రాతి పొరల అడుగు నుంచి 52.8 మీటర్ల ఎత్తున ఆ హద్దు గుర్తు పెట్టారు. నెవాడాలో ఒక సెక్షన్ కూడా పోటీలో ఉంది, కానీ చివరికి చైనాది ఎంచుకున్నారు. జావో యువాన్‌లాంగ్ అనే ఆయన ఆ పని మీద ఏళ్ళ తరబడి ఉన్నారు.

ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుందండి. మన స్పితి లోయలో దొరికి, ఇండికస్ అని పేరు పెట్టుకున్న గోరంత పురుగు, ప్రపంచం మొత్తానికి కాలం కొలిచే గుర్తు అయ్యింది. హద్దు రాయి చైనాలో ఉంది, దాని మీద పేరు మాత్రం మనది. పిల్లల పేజీలో రాయాల్సిన సంగతి ఇది కదా. హద్దు మన దగ్గర ఎందుకు పెట్టలేదు అని మా పిల్లాడు కాస్త కోపంగానే అడిగాడు. హద్దు పెట్టాలంటే పొరలు మధ్యలో తెగకుండా వరసగా ఉండాలి, కిందా పైనా కూడా శిలాజాలు దండిగా దొరకాలి, అందరూ వెళ్ళి చూడగలిగేలా ఉండాలి. స్పితిలో పరాహియో లోయ అంటే నాలుగు వేల మీటర్ల ఎత్తు ప్రాంతం, ఏడాదిలో ఎక్కువ భాగం మంచు. వూలియులో రోడ్డు పక్కనే పొర మీద పొర ఉంటుంది, చిన్న పిల్ల దశ నుంచి పెద్దదాకా ఇండికస్ లెక్కలేనన్ని దొరికాయి. అలాగని స్పితిని ఎవరూ వదిలెయ్యలేదు, పెంగ్ షాన్‌చి, నైజెల్ హ్యూస్, మన డెహ్రాడూన్ వాడియా ఇన్‌స్టిట్యూట్ పార్చా ఇంకొంతమంది కలిసి పరాహియో, జంస్కార్ లోయల ట్రైలోబైట్లన్నీ మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళి పొరపొరా కొలిచి సేకరించి 2009లో పెద్ద మోనోగ్రాఫ్ వేశారు. ఒక వందేళ్ళ తర్వాత రీడ్ లెక్కని సరిచూసినట్టు.

సరిచూడ్డం ఎందుకు అవసరమైందో చెప్తాను, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. హిమాలయాల రాళ్ళు నలిగిపోయిన రాళ్ళు. మన భూభాగం వెళ్ళి ఆసియాని గుద్దుకుని అవి లేచాయి కదా, ఆ ఒత్తిడికి రాయితో పాటు లోపలి శిలాజం కూడా సాగిపోతుంది, నొక్కుకుపోతుంది. మన ఊళ్ళల్లో ఫ్లెక్సీల మీద ఫొటో పట్టక అడ్డంగా సాగదీస్తారు చూడండి, మొహం వెడల్పయిపోయి సొంత అన్నదమ్ములే గుర్తుపట్టరు. శిలాజానికీ అదే జరుగుతుంది, పొరలో నిలువుగా పడున్నది సన్నగా పొడుగవుతుంది, అడ్డంగా పడున్నది పొట్టిగా వెడల్పవుతుంది, వాలుగా ఉన్నది వంకరైపోతుంది. పాతకాలం వాళ్ళు పొడుగుదాన్ని ఒక జాతి, వెడల్పుదాన్ని ఇంకో జాతి అని వేరే పేర్లు పెట్టేశారు. కశ్మీర్ ట్రైలోబైట్ల మీద 1934లో రీడ్ ఇచ్చిన పేర్లని 1992లో హ్యూస్, జెల్ అనే ఇద్దరు కంప్యూటర్‌లో ఆ సాగుడు వెనక్కి తీసి చూస్తే వేరే వేరే అనుకున్నవి కొన్ని ఒకటే జాతి అని తేలింది. రీడ్‌ని తప్పు పట్టడానికి కాదు ఇది చెప్పడం, ఆయన దగ్గర ఉన్నది రాయీ, కన్నూ, గీత గీసే పెన్సిలూ అంతే. ఇండికస్ విషయంలోనూ ఇలాంటి వాదన ఉంది. సైబీరియాలో దొరికినదానికి లెర్మొంతోవా అనే ఆవిడ 1940లో రెటిక్యులేటస్ అని పేరు పెట్టింది, అది ఇండికసేనా వేరేదా అని చాలాకాలం వాదించుకున్నారు. ఊరికే పేరు కోసం కాదండీ, రెండూ ఒకటే అయితే సైబీరియా రాళ్ళు కూడా ఆ గడియారంలో కలుస్తాయి, వేరైతే కలపడానికి లేదు. ఒక జాతికి పేరు పెట్టడం అంటే అంత బాధ్యత.

శిలాజాల లెక్క గురించి మీ ఐటెంలో "కోట్ల ట్రైలోబైట్లు చచ్చి రాళ్ళయ్యాయి" అని ఉంది. అందులో చాలా మటుకు చచ్చినవి కాదు, విడిచిన పెంకులు. మా అన్నయ్య పూసపాటిరేగ దగ్గర వనామీ చెరువు చేస్తాడు, అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగ్ ఉందని మేత తగ్గిస్తాడు, చెరువు గట్టు మీద వల వేస్తే పెంకులు వస్తాయి. రొయ్య పెరగాలంటే పాత పెంకు వదలాలి కదా, ట్రైలోబైట్ కూడా అంతే, ఒకటే ప్రాణి జీవితంలో ఎన్నో పెంకులు వదిలి ఉంటుంది. దాని పెంకు కాల్సైట్‌తో గట్టిగా ఉండేది కాబట్టి రాయిలో నిలిచింది, కాళ్ళూ మీసాలూ మెత్తనివి కాబట్టి ఎక్కడో తప్ప దొరకవు. తల పెంకు మీద పుట్టుకతోనే కుట్టు లాంటి గీతలు ఉండేవి, పెంకు వదిలేటప్పుడు అక్కడ విడిపోయి చెంపలు ఊడిపోతాయి. అందుకే పుస్తకాల్లో చాలా జాతుల బొమ్మలు చెంపలు లేని తల మధ్య ముక్కా, తోక ముక్కా మాత్రమే ఉంటాయి. వాటితోనే జాతి పోల్చాలి. మీరు వేసినట్టు నిండు బొమ్మ దొరకడం అదృష్టం.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మూడేళ్ళ క్రితం సైన్స్ ఫెయిర్‌కి పిల్లలకి చూపిద్దామని ఆన్‌లైన్‌లో ఒక ట్రైలోబైట్ 1,450 రూపాయలు పెట్టి కొన్నాను. నల్లగా నిగనిగలాడుతూ చాలా బాగుంది. ఇంటికొచ్చాక హ్యాండ్ లెన్స్ పెట్టి చూస్తే పెంకు మీద చిన్న చిన్న గాలి బుడగల గుంటలు కనపడ్డాయి. అనుమానం వచ్చి సూది కాల్చి అడుగున గుచ్చితే ప్లాస్టిక్ కాలిన వాసన. అచ్చు పోసిన రెసిన్ బొమ్మ, పైన రాతిపొడి రాశారు. ఇలాంటివి బయట చాలా తిరుగుతున్నాయి. డబ్బు పోయిందని కాదండీ, అందులో ఊరి పేరు లేదు, పొర పేరు లేదు, ఎవరు ఎప్పుడు తీశారో లేదు. నిజమైనదే అయినా ఆ చీటీ లేకపోతే అది శాస్త్రానికి పనికిరాదు, షోకేసులో పెట్టుకోడానికే. రీడ్ పేరు పెట్టిన స్పితి నమూనాలు ఇవాళ్టికీ కలకత్తాలో జిఎస్ఐ దగ్గర నంబర్లతో సహా ఉన్నాయి. ఇండికస్ అన్న పేరుకి ఆధారం ఆ రాతి ముక్క, ప్రపంచంలో ఎవరికి డౌట్ వచ్చినా వచ్చి దాన్నే చూడాలి. మన ఆమదాలవలసలో రాత్రి రైలెక్కితే మర్నాడు హౌరాలో దిగుతాం. ఆ దూరంలో ఉందండీ అది.

పిల్లలు సహజంగానే "మన కొండల్లో దొరకవా టీచర్" అని అడిగారు. నిన్న శనివారం మధ్యాహ్నం పన్నెండు మందిని ఊరి బయట పాత క్వారీకి తీసుకెళ్ళాను. మన రాయి ఖోండలైట్. మన పక్క కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు, కోణార్క గుడిలో ఎక్కువ భాగం కట్టింది ఈ రాయితోనే. ఇది ఒకప్పుడు మట్టీ ఇసకా పేరుకుని ఏర్పడిందే, కానీ భూమి లోపలికి వెళ్ళి విపరీతమైన వేడికి ఉడికిపోయి మొత్తం మారిపోయింది, సుమారు 100 కోట్ల ఏళ్ళ నాటి సంగతి. అంటే ట్రైలోబైట్ పుట్టకముందే మన కొండల రాయి తయారై కూర్చుంది, దొరికే అవకాశమే లేదు. పిల్లల మొహాలు కాస్త చిన్నబోయాయి. అప్పుడు రాయిలో ఎర్రగా దానిమ్మ గింజల్లా ఉన్న గార్నెట్లు చూపించాను, నీళ్ళు చల్లి ఎండలో పెడితే మెరిశాయి, ఇంక కదలమంటే కదల్లేదు. మన గరివిడి మాంగనీసు కూడా ఈ పాత రాళ్ళలోదే, ఇక్కడ కోడూరు ఊరి పేరు మీద కోడూరైట్ అని ఒక రాయికే పేరుంది, ఫెర్మర్ అనే జిఎస్ఐ ఆయన పెట్టాడు. మన దగ్గర లేనిది లేదని నిజం చెప్పి, ఉన్నది చూపిస్తే పిల్లలు ఏమీ చిన్నబుచ్చుకోరు. స్పితిలో సముద్రపు జీవి కొండ మీద ఎందుకుందో కూడా అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం. అప్పట్లో ఆ చోటు గోండ్వానా అనే పాత మహాఖండం ఉత్తర అంచున సముద్రం అడుగున ఉండేది, హిమాలయం అన్నదే లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వెయ్యండి. 50 లక్షలు తీసి 50 కోట్లు అని వెయ్యండి, చేప అన్నది తియ్యండి, డైనోసార్ల ముందే పోయాయని వెయ్యండి, పేరు నిలువు తమ్మెల వల్ల వచ్చిందని వెయ్యండి, ఫాకాప్స్ బొమ్మ తీసి ఇండికస్ బొమ్మ వెయ్యండి, దాని కింద పేరుతో పాటు స్పితి, 1910 అని ఊరూ సంవత్సరం కూడా వెయ్యండి. లోపల ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో సవరణ వేస్తే పిల్లలు చూడరు, ముందు వేసినంత సైజులోనే వెయ్యండి. ఇక మీదట ఇలాంటివి వేసే ముందు విశాఖలో యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, ఫోన్ చేస్తే చెప్పేవాళ్ళుంటారు, ఒక్కసారి చూపించుకోండి.

మా పిల్లాడు తెచ్చిన కటింగ్ నోటీసు బోర్డు మీద పెట్టాను, తప్పులు పిల్లల చేతే ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టించాను. దాని పక్కన అంతే చోటు ఖాళీగా వదిలారు వాళ్ళు, మీ సవరణ వస్తే అంటించడానికి. ఆదివారం పేపర్ మాకు ఏడున్నర బస్సుకి వస్తుంది.

ఇట్లు,
ఒక టీచరు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా